యాప్ విడుదలకు ముందు టెస్టర్లు: ఎవరిని పిలవాలి, ఏ దారిలో పిలవాలి

మా పెద్దమ్మకు తెనాలి దగ్గర పల్లెలో మూడు పాడి గేదెలున్నాయి. రెండు పూటలా పాలకేంద్రానికి వెళ్లి పాలు పోసి వస్తుంది. లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలలో కొవ్వు కాక మిగిలిన ఘనపదార్థాలు), రేటు అన్నీ ఒక చిన్న చీటీ మీద వస్తాయి. ఆ చీటీలు వంటింట్లో ఒక డబ్బాలో పడి ఉంటాయి. పదిహేను రోజులకోసారి డబ్బులు చేతికొచ్చినప్పుడు లెక్క సరిపోయిందా లేదా అని చూసే ఓపిక ఇంట్లో ఎవరికీ ఉండదు. ఆమె కోసమే నేను పాల లెక్క రాసుకునే చిన్న యాప్ తయారు చేశాను.

విడుదల చేద్దామని కూర్చుంటే, ముందు పన్నెండు మంది టెస్టర్లతో, అంటే విడుదలకు ముందే యాప్ వాడి చూసేవాళ్లతో, పద్నాలుగు రోజులు నడిపి చూపించమని గూగుల్ ప్లే అడిగింది. మా ఫ్యామిలీ గ్రూప్‌లో ఒక మెసేజ్ పెట్టాను. ఆ రాత్రికే పద్నాలుగు మంది చేరిపోయారు. తర్వాత రెండు వారాల్లో నాకు వచ్చిన అభిప్రాయాలు ఇవీ: ‘సూపర్’, ‘బాగుంది రా’, నాలుగైదు చప్పట్ల బొమ్మలు.

పదమూడో రోజు ఊరెళ్లి, పెద్దమ్మ చేతికి ఫోన్ ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఆమె ముందు రోజు సాయంత్రం చీటీ తీసింది. ఎందుకంటే సాయంత్రం పాలు పోసి వచ్చేసరికి చీకటి పడుతుంది, చీటీ చూసేది పొద్దున్నే. నా యాప్ మాత్రం ఈ రోజు తేదీ ఒక్కటే చూపించింది. తర్వాత ఫ్యాట్ 6.8 అని కొట్టబోయింది. నా ఫోన్ కీబోర్డులో చుక్క ఉంది, ఆమె ఫోన్ కీబోర్డులో లేదు. చివరికి ‘భద్రపరచు’ అనే బటన్ దగ్గర ఆగిపోయి, “ఏం భద్రం చెయ్యాలి అబ్బాయ్?” అని అడిగింది. అది సేవ్ బటన్ అని చెబితే, “సేవ్ అని రాయొచ్చుగా, అది తెలుసుగా” అంది.

ఇరవై నిమిషాల్లో మూడు తప్పులు దొరికాయి. ఈ మూడింటితో ఎవరూ ఆ యాప్‌ను రెండో రోజు తెరవరు. పద్నాలుగు మంది పదమూడు రోజులు ఫోన్‌లో ఉంచుకున్నా అవి కనపడలేదు. తప్పు వాళ్లది కాదు. వాళ్లింట్లో గేదెలు లేవు, చీటీలు లేవు.

అప్పటి నుంచి టెస్టర్లను వెతకడాన్ని నేను రెండు వేరు పనులుగా చూస్తున్నాను. స్టోర్ అడిగిన తలల లెక్క తీర్చడం ఒకటి. యాప్‌లో తప్పులు బయటికి రప్పించడం రెండోది. రెండు పనులకూ ఒకే మనుషులు దొరికితే మంచిదే, కానీ చాలాసార్లు దొరకరు. కింద చెప్పే పోలిక అంతా ఈ రెండు పనులనూ దృష్టిలో పెట్టుకుని చేసిందే.

ముందు నిబంధన మీకు వర్తిస్తుందో లేదో చూసుకోండి

2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకే గూగుల్ ప్లే ఈ షరతు పెట్టింది. మొదట 20 మంది అన్నారు, 2024 డిసెంబరులో 12కు తగ్గించారు. ఆ తేదీకి ముందు తెరిచిన ఖాతాలకూ, సంస్థ పేరున ఉన్న ఖాతాలకూ ఇది లేదు. సంస్థ ఖాతాకు డన్స్ నంబర్ (వ్యాపార సంస్థలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) కావాలి. నిజంగా కంపెనీ ఉంటే ఆ దారి సరైనదే. కేవలం పన్నెండు మందిని తప్పించుకోవడానికి కంపెనీ పెట్టే ఆలోచన మాత్రం వద్దు. ఆ కాగితాల మీద తిరిగే సమయంలో రెండు ఊళ్లు తిరిగి పన్నెండు మందిని తెచ్చుకోవచ్చు.

షరతులో చాలామంది జారిపడే చోటు ‘వరుసగా’ అనే మాట. పన్నెండు మంది 14 రోజులు వరుసగా టెస్టులో చేరి ఉండాలి. మధ్యలో ఒకరు తప్పుకుని మళ్లీ చేరితే ఆ మనిషి లెక్క మొదటి నుంచి మొదలవుతుంది. అందుకే సరిగ్గా పన్నెండు మందితో మొదలుపెట్టవద్దు. పద్దెనిమిది, ఇరవై మందిని చేర్చుకోండి. ఒకరు ఫోన్ మారుస్తారు, ఒకరు రీసెట్ చేస్తారు, ఒకరు ‘ఇదేంటో నాకెందుకు’ అని తప్పుకుంటారు. ఇంకో ముఖ్యమైన విషయం: ఈ లెక్క క్లోజ్డ్ టెస్టింగ్‌లో, అంటే మీరు ఎంచుకుని పిలిచినవాళ్లతో నడిపే పరీక్షలో, చేరినవాళ్లదే. దానికంటే ముందు కొద్దిమందితో నడిపే ఇంటర్నల్ టెస్టింగ్‌లో ఎంతమంది ఉన్నా ఇందులోకి రారు.

పద్నాలుగు రోజులు పూర్తయ్యాక విడుదలకు దరఖాస్తు పెట్టాలి. అందులో టెస్టర్లను ఎలా తెచ్చుకున్నారు, వాళ్లు యాప్‌ను ఎలా వాడారు, ఏం చెప్పారు, మీరు ఏం మార్చారు అని అడుగుతారు. జవాబు సాధారణంగా వారంలోపు వస్తుంది. సంతృప్తి కలగకపోతే ఇంకా పరీక్షించమని తిప్పి పంపుతారు, అంటే ఇంకో రెండు వారాలు. ఆ ప్రశ్నలకు రాయడానికి మీ దగ్గర నిజమైన విషయం ఉండాలి. నా మొదటి దరఖాస్తులో పెద్దమ్మ చూపించిన మూడు తప్పులే రాశాను. చప్పట్ల బొమ్మల గురించి రాయడానికి ఏమీ లేదు.

యాపిల్ వైపు ఇలాంటి తలల లెక్క లేదు. కానీ ఖాతాకు ఏడాదికి 99 డాలర్లు కట్టాలి. గూగుల్‌కు 25 డాలర్లు ఒక్కసారి కడితే చాలు.

ఎవరిని పిలవాలి

బంధువులు, స్నేహితులు ఒక్క పూటలో దొరుకుతారు. మొహమాటం కొద్దీ పద్నాలుగు రోజులూ ఉంటారు. ఆ మొహమాటం వల్లే తప్పు చెప్పరు. వీళ్లను వద్దనడం లేదు, అడిగే పని మార్చమంటున్నాను. ‘ఎలా ఉందో చూసి చెప్పు’ అంటే ‘బాగుంది’ తప్ప ఇంకేం రాదు. ‘నీ ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు బాగా పెద్దది చేసి, మొదటి స్క్రీన్ ఫొటో పంపు’ అంటే ఫొటో వస్తుంది. మా బాబాయి అలా పంపిన ఒక్క ఫొటోతో నాకు తెలుగు యాప్‌లకు ఉండే ఒక పెద్ద జబ్బు తెలిసింది. బటన్ ఎత్తు ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేలా పెట్టాను, తెలుగు ఒత్తులు కింద తెగిపోయాయి. ‘మొత్తం’లో త ఒత్తు సగమే కనపడింది. నలభై దాటినవాళ్లు చాలామంది అక్షరాలు పెద్దవి చేసుకునే వాడతారు కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

తెలుగు అక్షరాన్ని తెలుగువాళ్ల ఫోన్లలో చూడకపోతే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. ‘జ్ఞా’ అక్షరాన్ని, మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తుతో కలిపి పంపితే, ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో ఆ మెసేజ్ తెరిచిన యాప్ మూతపడిపోయేది. యాపిల్ ఆ నెల 19న 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. అంత పెద్ద కంపెనీ నుంచే ఇలాంటిది జారిపోయిందంటే, తెలుగులో యాప్ చేసేవాళ్లు తమ బంధువుల ఫోన్లన్నింటినీ ఒకసారి వాడుకోవడం అవసరమే.

కాబట్టి బంధువులు రకరకాల ఫోన్ల మీద యాప్ ఎలా కనపడుతుందో చూసుకోవడానికీ, తలల లెక్కకూ బాగా పనికొస్తారు. యాప్ పనికొస్తుందా లేదా అన్న ప్రశ్నకు మాత్రం వాళ్ల జవాబు తీసుకోకండి.

ఇక అసలు వాడబోయేవాళ్లు. వీళ్లను తెచ్చుకోవడం కష్టం, పట్టుకుంటే మిగతా అందరికంటే విలువ. ఫోన్‌లో మెసేజ్ పెడితే రారు. వాళ్లు రోజూ నిలబడే చోటికి మీరు వెళ్లాలి. నేను వరుసగా రెండు రోజులు పొద్దున్నే ఆరింటికి పాలకేంద్రం దగ్గర నిలబడ్డాను. కేంద్రం నడిపే ఆయనకు ముందే చెప్పి, ఆయన పనికి అడ్డం రాకుండా పక్కన బల్ల మీద కూర్చున్నాను. పాలు పోసి క్యాన్ కడుక్కుని వెళ్లేవాళ్లను, చీటీ చేతిలో ఉండగానే, “అక్కా, ఈ చీటీ ఒక్కటి ఫోన్‌లో రాసి చూస్తారా, ఐదు నిమిషాలు” అని అడిగాను. రెండు రోజుల్లో ఆరుగురు ఒప్పుకున్నారు. ఆటో డ్రైవర్ల యాప్ అయితే ఆటో స్టాండు, కిరాణా లెక్కల యాప్ అయితే మధ్యాహ్నం గిరాకీ తగ్గిన వేళ కొట్టు, బస్సు టైమింగ్స్ యాప్ అయితే బస్టాండు. చోటు మీకే తెలుస్తుంది.

ఎంతమంది కావాలి? వెబ్‌సైట్లు, సాఫ్ట్‌వేర్ల వాడుక మీద పనిచేసిన జేకబ్ నీల్సన్ 2000లో ఒక లెక్క చెప్పారు. ఐదుగురితో పరీక్షిస్తే వాడుకలో ఉండే ఇబ్బందుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని. పదిహేను మందితో ఒకేసారి చేసే బదులు, ఐదుగురితో చేసి, సరిదిద్ది, మళ్లీ ఇంకో ఐదుగురితో చేయమని ఆయన సలహా. నా అనుభవం దానికి దగ్గరగానే ఉంది. మొదటి ముగ్గురి దగ్గర కొత్త కొత్త ఇబ్బందులు కనపడ్డాయి, నాలుగో మనిషి నుంచి పాతవే మళ్లీ వచ్చాయి. అయితే వాడేవాళ్లు రెండు రకాలుంటే రెండు వైపుల నుంచీ మనుషులు కావాలి. నా యాప్‌లో పాలు పోసేవాళ్లు ఒక రకం, పాలు కొలిచేవాళ్లు ఇంకో రకం. కొలిచే ఆయన ఒక్కరితో మాట్లాడేసరికి రేటు చార్టు ఫ్యాట్‌తో పాటు ఎస్ఎన్ఎఫ్‌ను బట్టి కూడా మారుతుందని నాకు అర్థమైంది.

ఈ మనుషులను గూగుల్ టెస్టులో చేర్చేటప్పుడు ఒక అడ్డంకి వస్తుంది. ఎవరి జీమెయిల్ ఏమిటో వాళ్లకే తెలియదు. ఫోన్ కొన్నరోజు షాపులో అబ్బాయి ఏదో పేరుతో ఖాతా తెరిచి ఇచ్చి ఉంటాడు. ప్లే స్టోర్ తెరిచి, కుడి వైపు పైన ఉన్న గుండ్రటి బొమ్మ నొక్కితే ఆ మెయిల్ కనపడుతుంది. అక్కడి నుంచే చూసి రాసుకోండి. కొందరి ఫోన్‌లో రెండు ఖాతాలుంటాయి. మీరు చేర్చింది ఒకటి, ప్లే స్టోర్ నడుస్తున్నది ఇంకొకటి అయితే లింక్ నొక్కినప్పుడు యాప్ దొరకలేదని వస్తుంది. వాళ్లు ‘మన ఫోన్‌లో రాదంట’ అనుకుని వదిలేస్తారు. అందుకే మొదటిసారి ఎక్కించడం మీ చేతులతోనే చేయాలి. ఫోన్ నిండిపోయి జాగా లేకపోతే అప్పుడే తెలుస్తుంది, యాప్ సైజు ఎందుకు తగ్గించాలో కూడా అప్పుడే బుర్రకెక్కుతుంది.

డెవలపర్లు ఒకరికొకరు టెస్టర్లుగా ఉండే గ్రూపులు చాలా ఉన్నాయి. ‘మీ యాప్ నేను వేసుకుంటాను, నా యాప్ మీరు వేసుకోండి’ అనే పద్ధతి. తలల లెక్కకు ఇది పనికొస్తుంది, డబ్బు ఖర్చు లేదు. ఒక నిజమైన లాభం కూడా ఉంది: డెవలపర్ బగ్ చెప్పే తీరు వేరు. ఏ ఫోన్, ఏ వెర్షన్, ఏం నొక్కితే ఏమైంది అని స్క్రీన్‌షాట్‌తో సహా పంపుతారు. కానీ చాలామంది మొదటి రోజు ఒకసారి తెరిచి మళ్లీ ముట్టుకోరు. పైగా మీరు కూడా ఇరవై యాప్‌లు ఫోన్‌లో పెట్టుకుని రోజూ తెరుస్తూ ఉండాలి. మాట ఇచ్చాక అది తప్పకూడదు. నలుగురైదుగురిని మించి ఈ దారిలో తీసుకోవద్దని నా సలహా.

డబ్బులు తీసుకుని పన్నెండు మందిని పద్నాలుగు రోజులు పెట్టిస్తామనేవాళ్లు ఉన్నారు. ఇది నాకు నచ్చదు. వాళ్లు యాప్ వేసుకుంటారు, వాడరు. దరఖాస్తులో ‘టెస్టర్లు ఏం చెప్పారు’ అనే చోట మీరు కల్పించి రాయాల్సి వస్తుంది. మీ ఖాతా మీ పేరున ఉంటుంది, ఆ కల్పన కూడా మీ పేరునే ఉంటుంది. ఇదే డబ్బు అసలు వాడేవాళ్లు ఆరుగురి సమయానికి ఇవ్వండి. డబ్బు తీసుకుని పద్ధతిగా వాడుక పరీక్ష చేసిపెట్టే సేవలు వేరే ఉన్నాయి. స్క్రీన్ రికార్డు చేస్తూ, మనసులో అనుకున్నది పైకి చెబుతూ వాడి చూపిస్తారు. ఇంగ్లీషులో ఉండే, నగరాల్లో వాడే యాప్‌కు అవి బాగుంటాయి. పాలు పోసే మనిషి అక్కడ దొరకదు.

ఇంజనీరింగ్ విద్యార్థులు ఓపికగా, రకరకాలుగా నొక్కి యాప్‌ను విరగ్గొడతారు. నెట్ ఆపేసి నొక్కడం, ఒకే బటన్ పదిసార్లు నొక్కడం, లీటర్ల దగ్గర 99999 కొట్టడం. ఇవన్నీ ఒక్క సాయంత్రంలో చేసేస్తారు. మీ ఊళ్లో కాలేజీ ఉంటే, తెలిసిన లెక్చరర్ ద్వారా ఐదారుగురిని అడగండి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే మాత్రం ముందు తల్లిదండ్రుల అనుమతి తీసుకోండి. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం ఆ వయసువాళ్లందరూ పిల్లల కిందికే వస్తారు.

ఏ దారిలో పంపాలి

మనుషులు దొరికాక యాప్ వాళ్ల ఫోన్‌లోకి ఎలా వెళ్లాలన్నది రెండో ఎంపిక. ఒక దారి గురించి ముందే గట్టిగా చెప్పాలి: ఏపీకే ఫైల్‌ను (స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఫోన్‌లో వేసుకునే యాప్ ఫైల్) వాట్సాప్‌లో పంపకండి. అది అన్నింటికంటే సులువు, నాకు తెలుసు. కానీ ట్రాఫిక్ చలానా అనీ, పెళ్లి పత్రిక అనీ, పీఎం కిసాన్ అనీ చెప్పి ఏపీకేలు పంపి బ్యాంకు ఖాతాలు ఊడ్చేసే మోసాలు ఇదే దారిలో జరుగుతున్నాయి. ‘తెలిసినవాళ్లు పంపారు, హెచ్చరిక వచ్చినా పర్లేదు, నొక్కేయొచ్చు’ అనే అలవాటు మనం మన చేతులతో మా పెద్దమ్మలాంటివాళ్లకు నేర్పకూడదు. పైగా ఏపీకే వేసుకున్నవాళ్లు గూగుల్ లెక్కలోకి రారు.

గూగుల్ ప్లే లోపల మూడు మెట్లున్నాయి. ఇంటర్నల్ టెస్టింగ్‌లో 100 మంది వరకు చేర్చవచ్చు, బిల్డ్ (యాప్ కొత్త కాపీ) పెట్టిన కొద్దిసేపటికే అందుతుంది, స్టోర్ వివరాలన్నీ నింపకముందే మొదలుపెట్టవచ్చు. రోజుకు రెండు బిల్డులు మార్చే దశలో ఇదే సరైనది. పెద్దమ్మతో, పాలకేంద్రం వాళ్లతో కూర్చుని చూసే రోజుల్లో నేను ఇందులోనే ఉంటాను. పెద్ద తప్పులు తగ్గాక క్లోజ్డ్ టెస్టింగ్‌కు వెళ్లి పద్నాలుగు రోజుల లెక్క మొదలుపెట్టాలి. మొదటిసారి నేను తిరగేసి చేశాను, ముందు లెక్క, తర్వాత మనుషులు. దానివల్ల రెండు వారాలు వృథా అయ్యాయి. ఓపెన్ టెస్టింగ్ అంటే లింక్ ఉన్న ఎవరైనా, స్టోర్‌లో చూసిన ఎవరైనా చేరవచ్చు. కొత్త వ్యక్తిగత ఖాతాలకు విడుదల అనుమతి వచ్చాకే అది తెరుచుకుంటుంది, కాబట్టి మొదటి యాప్‌కు దాని గురించి ఆలోచించాల్సిన పని లేదు.

క్లోజ్డ్ టెస్టింగ్‌లో మనుషులను చేర్చడానికి మెయిల్ జాబితా ఒక పద్ధతి, గూగుల్ గ్రూప్ ఇంకో పద్ధతి. ఊళ్లో వాళ్లకు మెయిల్ జాబితాయే మేలు. వాళ్లు చేయాల్సిన పని ఒక్క లింక్ నొక్కడమే. గ్రూప్ అయితే ముందు గ్రూప్‌లో చేరాలి, తర్వాత టెస్టులో చేరాలి. రెండు మెట్లలో సగం మంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతారు. డెవలపర్లకు, విద్యార్థులకు గ్రూప్ బాగుంటుంది, మీరు ఒక్కొక్కరి మెయిల్ టైప్ చేయనక్కర్లేదు. గ్రూప్ పెడితే సభ్యుల జాబితా అందరికీ కనపడకుండా సెట్టింగ్ మార్చండి.

డాలస్‌లో ఉన్న మా తమ్ముడు లింక్ నొక్కితే యాప్ రాలేదు. రెండు రోజులు ఇద్దరం తల పట్టుకున్నాం. క్లోజ్డ్ టెస్టింగ్‌కు ఏ దేశాల్లో అందాలో విడిగా ఎంచుకోవాలి, నేను ఇండియా ఒక్కటే పెట్టాను. అమెరికా చేర్చాక వచ్చింది. వాడి ఫోన్‌లో ఇంకో బగ్ కూడా దొరికింది. తేదీలో నెల ముందు, రోజు తర్వాత చూపించి, మే 3 కాస్తా మార్చి 5 అయింది. ఊళ్లో అమ్మానాన్నల లెక్కను పిల్లలు విదేశాల నుంచి చూసే యాప్ అయితే అక్కడి మనిషి ఒక్కరైనా టెస్టులో ఉండాలి.

ఐఫోన్లకు యాపిల్ వాళ్ల టెస్ట్‌ఫ్లైట్ ఒక్కటే ఆలోచించదగ్గ దారి. మీ ఖాతాలో సభ్యులుగా ఉన్నవాళ్లు 100 మంది వరకు ఇంటర్నల్ టెస్టర్లు, బయటివాళ్లు 10,000 మంది వరకు. బయటివాళ్లకు ఇచ్చే మొదటి బిల్డును యాపిల్ ఒకసారి చూసి అనుమతించాలి. ప్రతి బిల్డ్ 90 రోజులే పనిచేస్తుంది. దీనిలో నాకు బాగా నచ్చినది, టెస్టర్ స్క్రీన్‌షాట్ తీయగానే అక్కడి నుంచే వ్యాఖ్య రాసి మీకు పంపగలగడం. పబ్లిక్ లింక్ ఇస్తే మెయిల్ కూడా అడగనక్కర్లేదు. మీ యాప్ వాడేవాళ్లలో ఐఫోన్లు తక్కువైతే, ముందు ఆండ్రాయిడ్ పూర్తి చేసి తర్వాత ఇటు రండి.

టెస్టర్లకు స్టోర్ బయటి నుంచి యాప్ పంపడానికి గూగుల్ ఇచ్చే ఫైర్‌బేస్ యాప్ డిస్ట్రిబ్యూషన్ ఉచితం, రెండు రకాల ఫోన్లకూ పనిచేస్తుంది. కానీ ఆండ్రాయిడ్‌లో స్టోర్ బయటి నుంచి యాప్ వేసుకునే అనుమతి అడుగుతుంది. ఐఫోన్‌లో ప్రతి ఫోన్‌నూ ముందే నమోదు చేయాలి. ఇది మీతో పనిచేసే జట్టుకు మాత్రమే.

గూగుల్ ప్లే దారిలో ఒక మనిషి కాని టెస్టర్ ఉచితంగా దొరుకుతుంది. టెస్టింగ్‌కు పెట్టిన బిల్డును గూగుల్ తనంతట తానే కొన్ని ఫోన్లలో నడిపి రిపోర్టు ఇస్తుంది. దాన్ని చూసి క్రాష్‌లు సరిచేశాకే మనుషులను పిలవండి. తెరవగానే మూతపడే యాప్‌ను చూపించి ఒకరి ఉదయాన్ని పాడుచేయకూడదు. పాలు పోసి ఇంటికెళ్లి వంట చేసుకోవాల్సిన మనిషి మీ కోసం ఆగింది.

పిలిచే మాట

నేను ఇప్పుడు వాట్సాప్‌లో పంపే మెసేజ్ ఇది. కావాలంటే మార్చుకుని వాడుకోండి.

‘నమస్కారమండి. పాలకేంద్రం చీటీల లెక్క ఫోన్‌లో రాసుకునే యాప్ తయారు చేస్తున్నాను. ఇంకా విడుదల కాలేదు, తప్పులు ఉంటాయి. రెండు వారాలు రోజుకు రెండు నిమిషాలు వాడి, ఎక్కడ ఆగిపోయారో నాకు ఫోన్ చేసి చెబితే చాలు. డబ్బులు కట్టేది ఏమీ లేదు, ఓటీపీ కానీ బ్యాంకు వివరాలు కానీ నేను అడగను. మీ జీమెయిల్ యాప్ ఎక్కించడానికి మాత్రమే, తర్వాత తీసేస్తాను. రెండు వారాల లోపు యాప్ తీసేయకుండా ఉంచండి.’

‘తప్పులు ఉంటాయి’ అని ముందే చెప్పడం అన్నింటికంటే పనికొచ్చిన మాట. తప్పు వాళ్లది కాదని తెలిస్తే చెబుతారు. ‘ఓటీపీ అడగను’ అన్న మాట మా ఊళ్లో ఇద్దరి భయం పోగొట్టింది. చివరి మాట తలల లెక్క కోసం.

పక్కన కూర్చున్నప్పుడు ‘ఎలా ఉంది’ అని అడగకండి. ‘నిన్న సాయంత్రం చీటీ రాయండి’ అని చెప్పి నోరు మూసుకోండి. వేలు ఎక్కడ ఆగింది, ఎంతసేపు ఆగింది, ఏ మాట పైకి చదివారు అన్నవి రాసుకోండి. మధ్యలో ‘అక్కడ నొక్కండి’ అనాలనిపిస్తుంది. అన్నారంటే ఆ తప్పు మీకు ఇక ఎప్పటికీ కనపడదు. యాప్ విడుదలయ్యాక వేల మంది పక్కన మీరు కూర్చోలేరు.

కానుక ఇవ్వాలా అంటే, ఇవ్వండి. వాళ్ల సమయానికి. రీచార్జ్ కావచ్చు, టిఫిన్ కావచ్చు. మంచి చెప్పినవాళ్లకూ చెడు చెప్పినవాళ్లకూ ఒకటే ఇవ్వాలి. స్టోర్‌లో రేటింగ్ ఇచ్చినందుకు మాత్రం ఏమీ ఇవ్వకూడదు, అది గూగుల్ నిబంధనలకు విరుద్ధం. టెస్ట్ సమయంలో వాళ్లు ప్లేలో రాసే అభిప్రాయం మీకు మాత్రమే కనపడుతుంది, యాప్ రేటింగ్ మీద పడదు. ఈ సంగతి వాళ్లకు చెబితే ఇంకాస్త నిజం బయటికొస్తుంది.

మీ పరిస్థితికి ఏది

ఒక్కరే, మొదటి యాప్, వ్యక్తిగత ఖాతా అయితే: మొదటి రెండు వారాలు ఇంటర్నల్ టెస్టింగ్‌లో అసలు వాడేవాళ్లు ఐదుగురు. సరిదిద్ది ఇంకో ఐదుగురు. తర్వాత ఆ పదిమందినీ, పదిమంది బంధువులనూ క్లోజ్డ్ టెస్టింగ్‌లో చేర్చి పద్నాలుగు రోజులు నడపండి. ఆ రోజుల్లో కనీసం రెండు బిల్డులు మార్చండి, ఏం మార్చారో రాసిపెట్టుకోండి. దరఖాస్తు జవాబులు దానితోనే తయారవుతాయి.

సంస్థ ఖాతా ఉండి, ఆఫీసులో వాళ్లే యాభై మంది ఉంటే తలల టెన్షన్ లేదు. అదే ప్రమాదం కూడా. ఆఫీసువాళ్లంతా కొత్త ఫోన్లు, వైఫై, ఇంగ్లీషు కీబోర్డు వాళ్లు. బయటి నుంచి ఐదుగురిని తేవడానికి ఒక మనిషికి ప్రత్యేకంగా బాధ్యత అప్పగించండి, లేకపోతే ఎవరూ తేరు.

ఆట యాప్ అయితే నా సలహా వేరు. అక్కడ విద్యార్థులు, డెవలపర్ గ్రూపులే అసలు వాడేవాళ్లకు దగ్గర. టెస్ట్‌ఫ్లైట్ పబ్లిక్ లింక్ కూడా అక్కడే బాగా పనిచేస్తుంది.

ఆరోగ్యం, డబ్బు, మందుల వేళ గుర్తుచేయడం లాంటి యాప్ అయితే తొందరపడి జనంలో పెట్టకండి. మొదట కల్పిత వివరాలతో పరీక్షించండి. టెస్టర్ నిజమైన మందుల పేర్లు, నిజమైన ఖాతా వివరాలు రాయక్కర్లేకుండా నమూనా లెక్కలు మీరే పెట్టి ఇవ్వండి.

ఊళ్లో వాడే తెలుగు యాప్ అయితే, పన్నెండు మందిలో కనీసం ఇద్దరు యాభై దాటినవాళ్లు, ఇద్దరు పాత ఫోన్‌వాళ్లు, ఒకరు అక్షరాలు పెద్దవి పెట్టుకున్నవాళ్లు ఉండేలా చూసుకోండి. నా రెండో యాప్‌కు ఇలాగే మొదలుపెట్టాను. మొదటి మెయిల్ పెద్దమ్మదే రాసుకున్నాను. ఆమె ఈసారి ఫోన్ చేతికి తీసుకోకముందే, “ఇందులో నిన్నటిది రాయొచ్చా?” అని అడిగింది.